చర్చి గోడల నడుమ రాజకీయము

మన అనకాపల్లిలోని యే చర్చియందైనను పాదిరిగారు ప్రసంగపీఠమెక్కి ఫలానా పక్షమునకు ఓటు వేయుడనినచో, 1988 నాటి మతసంస్థల దుర్వినియోగ నివారణ చట్టము క్రింద 5 ఏండ్ల వఱకు చెఱయు, 10,000 రూపాయల వఱకు జుల్మానాయు విధింపవచ్చును. గుడికిని మసీదుకును ఇదియే శాసనము. మతముతో పెనవైచుకొన్న రాజకీయ కార్యములను నియంత్రించు అధికారమును రాజ్యాంగపు 25వ అధికరణమే యొసగినది. ఇంతవఱకు తగవు లేదు.

కాని చట్టము ఎన్నికలతో ఆగలేదు. రాజకీయ స్వభావముగల యే సమస్యనైనను అచట ప్రచారము చేయరాదనినది! 1950 నాటి రాష్ట్రపతి ఉత్తరువు దళిత క్రైస్తవులకు షెడ్యూల్డు కులముల హోదా లేకుండజేసెను. ఆ కట్టు 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును సడలెను, వీరికి సడలలేదు. ఈ మొఱ రాజకీయము గాక మఱేమి? దానిని తమ ఆవరణమున చెప్పుకొననిచ్చిన చర్చి పెద్దలు నేరస్థులగుదురా? సభకు వేఱొక చోటు చూచుకొనుడనుట సులభమే. చర్చి తప్ప పదుగురు కూర్చుండ నీడలేని పేట లెన్ని లేవు! ఓట్ల బేరమును, బాధితుల మొఱను వేఱుపఱచి పార్లమెంటు ఆ నిర్వచనమును సవరింపవలెను.