రిజిస్టరుకెక్కని గుళిక



గుండె లయ తప్పినందున, రక్తం గడ్డకట్టకుండా నేను వార్ఫరిన్ మాత్ర వాడుతున్నాను. నావంటివారికి ఐ.ఎన్.ఆర్. పరీక్ష 2, 3 మధ్య ఉండాలి. నిరుడు ఒక మిత్రుడు చెప్పగా మోకాళ్ళ నొప్పులకు పసుపు సారం గుళికలు మొదలుపెట్టాను. నెల తిరక్కుండా చిగుళ్ళ వెంట రక్తం! పరీక్షలో 6 దాటింది. "వేరే మందులేమైనా వాడుతున్నారా?" అని డాక్టరుగారు అడిగితే "లేదండీ" అన్నాను. పసుపు కూడా మందేనని తోచలేదు. మా ఆవిడ గుళికల సంగతి చెప్పబట్టి బయటపడ్డాను.

న్యూజిలాండులో ఇలాగే ఒక రోగికి 10 దాటగా, 2018లో అక్కడి మందుల నియంత్రణ సంస్థ హెచ్చరిక జారీచేసింది. కూరలో చిటికెడు పసుపు వేరు, గుళికలోని సారం వేరు. వెల్లుల్లి, గింకో గుళికలతోనూ జాగ్రత్త అవసరం.

"ఆకుమందు ఏం చేస్తుందిలే" అంటారు. 1920 దశకంలో కెనడా, అమెరికాల్లో బూజుపట్టిన క్లోవర్ మేత తిని పశువులు రక్తస్రావంతో చచ్చాయి. ఆ మేతలో దొరికిన పదార్థమే వార్ఫరిన్‌కు మూలం!

30 ఏళ్ళు ఇన్‌వర్డు రిజిస్టరు రాసినవాణ్ణి. నమోదుకాని కాగితమే కొంప ముంచుతుందని తెలిసీ ఈ గుళికను నమోదు చేయలేదు. మీరు వాడే ప్రతి కషాయం, లేహ్యం, గుళిక చీటీమీద రాసి డాక్టరుగారికి చూపండి. మీ అంతట మీరు మాత్ర మాత్రం ఆపకండి. సెలవు.