బరువు ఆమెది, ఊపిరి మనది



ఆటలు చూడటం మగవాళ్ళ వ్యవహారమని మన ఇళ్ళల్లో ఒక లెక్క వుంది. వాళ్ళు టీవీ ముందు కూర్చుంటారు. మనం పకోడీల మూకుడు దగ్గర నిలబడి, మధ్యమధ్య గుమ్మంలోంచి తొంగిచూసి "స్కోరెంత?" అని అడుగుతాం. జవాబు వస్తే వస్తుంది, లేకపోతే లేదు. అయితే కొన్ని పోటీలు వుంటాయి. అవి మనచేత పొయ్యి కట్టించి మరీ ముందుగదిలోకి లాక్కొస్తాయి. 2000 సంవత్సరం సెప్టెంబరు 19న సిడ్నీ ఒలింపిక్స్‌లో కరణం మల్లీశ్వరి బరువులెత్తిన పోటీ అటువంటిది. ఆ పోటీ గురించీ, దాన్ని చూసిన మన గురించీ నాలుగు మాటలు చెప్పుకుందాం.

మాది శ్రీముఖలింగం. వంశధార ఒడ్డున మధుకేశ్వరస్వామి కొలువైన వూరు. విశాఖపట్నం వైపునుంచి స్వామి దర్శనానికి రైల్లో వచ్చేవాళ్ళు చాలామంది ఆమదాలవలసలో, అంటే శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో దిగుతారు. ఆ ఆమదాలవలసను ఆనుకునే వుంది ఊసవానిపేట. మల్లీశ్వరి పెరిగింది అక్కడే. తండ్రి రైల్వే రక్షణ దళంలో కానిస్టేబులు. పన్నెండేళ్ళ వయసులో బరువులు పట్టింది. ఇంతమాత్రం చాలదూ, మేమంతా "మా పిల్ల" అనుకోవడానికి? అభిమానులకు చుట్టరికాలు కలుపుకోవడం ఎవరూ నేర్పక్కర్లేదు.

మా ముఖలింగం గర్భగుడిలో స్వామి వెనక ఒక పెద్ద మట్టి గోలెం వుంటుంది. ఒక కుమ్మరి భక్తుడి మొక్కుబడి అది. గుమ్మంలో పట్టని గోలేన్ని స్వామే లోపలికి తెచ్చుకున్నాడని మా పెద్దలు చెబుతారు. దేవుడి మహిమ సరే, మరి మనిషి తన ఒంటికి రెండింతల బరువు తలమీదికి లేపాలంటే? దానికి రోజూ చేసే సాధన తప్ప మరో మహిమ లేదు.

బరువులెత్తే పోటీ తీరు తెలిస్తే చూడటంలో రుచి పెరుగుతుంది. ఇందులో రెండు పద్ధతులు. మొదటిది స్నాచ్. నేలమీదున్న బరువును ఒక్క వూపులో తలపైకి తీసుకుపోవాలి. రెండోది క్లీన్ అండ్ జర్క్. ముందు భుజాల మీదికి తెచ్చుకుని, అక్కడ నిలదొక్కుకుని, తర్వాత తలపైకి నెట్టాలి. ఒక్కొక్కదానికి మూడేసి అవకాశాలు. రెండింటిలోనూ ఎత్తిన పెద్ద బరువులు కూడితే వచ్చే మొత్తమే ఫలితం. పేరు పిలిచాక సాధారణంగా ఒక్క నిమిషమే గడువు. ముగ్గురు న్యాయనిర్ణేతల్లో కనీసం ఇద్దరు తెల్లదీపం వెలిగిస్తేనే ఎత్తినట్టు లెక్క.

మల్లీశ్వరి పోటీపడింది 69 కిలోల విభాగంలో. స్నాచ్‌లో 110 కిలోలు, క్లీన్ అండ్ జర్క్‌లో 130 కిలోలు ఎత్తింది. అంకెలు చెబితే మనకు తెలియదు గాని, వంటింటి భాషలో చెబితే తెలుస్తుంది. నిండు గ్యాస్ సిలిండరు సుమారు 30 కిలోలు. దాన్ని వరండాలోంచి వంటింట్లోకి దొర్లించేసరికి మన నడుము పట్టేస్తుంది. అటువంటివి నాలుగు ఒకదానికొకటి కట్టి, పైన మరో పది కిలోల బియ్యం సంచీ పెడితే 130 కిలోలు. ఆ పిల్ల అంతటినీ రెండు చేతుల మీద తలపైకి లేపి నిలబెట్టింది!

ఇక చూసేవాళ్ళ సంగతి. క్రికెట్టయితే అరుస్తాం, చప్పట్లు కొడతాం, అంపైరును తిడతాం. ఇక్కడ అదేమీ కుదరదు. ఆమె అరచేతులకు తెల్లటి పొడి రాసుకుని ఇనపకడ్డీ దగ్గరికి వంగగానే ఇల్లంతా నిశ్శబ్దం అయిపోతుంది. మా ఇంట్లో కొంగు నోట్లో కుక్కుకున్నవారొకరు, కుర్చీ చెయ్యి బిగించి పట్టుకున్నవారొకరు. నా మట్టుకు నాకు ఆమె కడ్డీ లేపినప్పుడల్లా పళ్ళు వాటంతటవే బిగుసుకుపోయేవి. బరువు ఆమెది, ఊపిరి బిగపట్టడం మాది.

మా అత్తగారు శ్రీకాకుళం జిల్లా మనిషి. మొదట్లో "ఏటమ్మా ఈ ఆట, ఆడకూతురి నడుం ఇరిగిపోదేటి?" అన్నారు. తీరా 130 కిలోలు పైకి లేచి తెల్లదీపాలు వెలిగాక నెమ్మదిగా అన్నారు: "ఆ మొకం నాకెరికే. పురిటిలో మొకం అది. మరింక వల్లకాదనుకున్నాక ఇంకొంచెం వల్లవుద్ది చూడు, ఆ మొకం." పోటీ గురించి ఏ వ్యాఖ్యాతా అంత బాగా చెప్పగా నేను వినలేదు.

అప్పటికి మొత్తం 240 కిలోలు. చైనాకు చెందిన లిన్ వైనింగ్, హంగరీకి చెందిన ఎర్జెబెత్ మార్కుష్ చెరి 242.5 కిలోలతో ముందున్నారు. మొత్తం సమానమైతే ఒంటి బరువు తక్కువున్నవారిదే పైచేయి అని అప్పటి నియమం. ఆ లెక్కన లిన్‌ది మొదటి స్థానం. మల్లీశ్వరికి ఇంకొక్క అవకాశం వుంది. ఆమెకోసం కడ్డీమీద పెట్టిన బరువు 137.5 కిలోలు. ఎత్తితే బంగారు పతకం. ఎత్తబోయింది. బరువు నిలవలేదు, చేజారిపోయింది.

"అయ్యో!" — ఆ క్షణాన తెలుగునాట ఎన్ని వేల ఇళ్ళల్లో ఈ మాట వినిపించివుంటుందో వూహించుకోండి. మా ఇంట్లో చూడవచ్చిన పొరుగావిడ "బంగారం పోయింది" అంటూ లేచారు. మా అత్తగారు వూరుకోలేదు. "పోవడానికి అది మన కొంగున ముడేసుంటే కదేటి? వచ్చింది చూడవేం?" అన్నారు.

తర్వాత చాలాకాలం లెక్కలు నడిచాయి. 130 నుంచి ఒక్కసారి ఏడున్నర కిలోలు పెంచడమెందుకు, 135 పెట్టుకునివుంటే మొత్తం 245 అయ్యేది కదా, బంగారం మనదే కదా అని. కాగితం మీద ఆ లెక్కలో తప్పులేదు. పోటీ అయిపోయాక లెక్కలు వెయ్యడం అభిమానుల హక్కు కూడాను. నా అభ్యంతరం లెక్కతో కాదు, "బంగారం పోగొట్టుకుంది" అనే మాటతో. ఆమె తెచ్చింది కంచు పతకం. ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన మొట్టమొదటి భారతీయ మహిళ ఆమె. సిడ్నీలో మన దేశానికి దక్కిన ఒకే ఒక్క పతకం అది. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకు బరువులెత్తే పోటీలు పెట్టిందే ఆ ఏడాది మొదటిసారి. 1984లో లాస్ ఏంజెలస్‌లో పి.టి. ఉషకు సెకనులో నూరోవంతు తేడాతో కంచు పతకం తప్పిపోయినప్పుడు బాధపడ్డ మనం, పదహారేళ్ళకు అదే కంచు చేతికి వస్తే "ఇంతేనా" అనవచ్చునా?

నిజానికి ఈ "ఇంతేనా" ఒలింపిక్స్‌తో మొదలైంది కాదు. మన ఇళ్ళల్లో రోజూ వినబడేదే. అమ్మాయి లెక్కల్లో 92 మార్కులు తెచ్చుకుని పరుగెత్తుకొస్తే "ఆ ఎనిమిదీ ఏమయ్యాయి?" అంటాం. ఎనిమిది రకాలు వండిపెడితే అప్పడాలు మెత్తబడ్డాయనే మాటే మిగులుతుంది. ఆ మాట పడి మనసు చివుక్కుమన్నవాళ్ళం, మళ్ళీ మన పిల్లల్ని అదే మాట అంటున్నామంటే కొంచెం ఆలోచించుకోవాలి కదండీ?

ఇంకొక మాట. సిడ్నీకి వెళ్ళేనాటికి మల్లీశ్వరి 1994, 1995లలో 54 కిలోల విభాగంలో ప్రపంచ ఛాంపియన్. 1997లో పెళ్ళయింది. ఆమె పని అయిపోయిందని విమర్శించినవాళ్ళు కూడా వున్నారు. బరువులెత్తితే ఆడపిల్ల గర్భసంచికి చేటని భయపెట్టే పెద్దలు మన మధ్య ఇప్పటికీ వున్నారు. వాళ్ళకు చెప్పండి: 2000లో 130 కిలోలు ఎత్తిన ఈ తల్లి 2001లో పండంటి మగబిడ్డను కన్నది. గురువు దగ్గర, వయసుకు తగ్గ బరువులతో, సక్రమంగా నేర్చుకుంటే ఆడపిల్ల ఒంటికి బలమే గాని చేటు లేదు.

ఆ తర్వాత మన చూపు కూడా కొంత మారింది. 2016 ఆగస్టు 19న రియోలో పి.వి. సింధు ఫైనల్లో స్పెయిన్ అమ్మాయి కరోలినా మారిన్‌తో ఆడింది. మొదటి గేము 21–19తో గెలిచి, తర్వాతి రెండూ 12–21, 15–21తో ఓడిపోయింది. అయినా హైదరాబాదులో ఆమెకు పట్టిన బ్రహ్మరథం మీరు చూశారు. వెండి పతకాన్ని వెండిగానే చూసి సంతోషించాం. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో మణిపూర్ అమ్మాయి మీరాబాయి చాను బరువులెత్తి వెండి పతకం తెచ్చింది. 2025 నవంబరు 2న నవీ ముంబాయిలో మన ఆడపిల్లలు దక్షిణాఫ్రికాను 52 పరుగుల తేడాతో ఓడించి క్రికెట్ ప్రపంచ కప్పు గెలిచారు. ఆ జట్టులో మన కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి వుంది. ఈ వరసకు మొదట దీపం పెట్టింది ఊసవానిపేట పిల్ల.

కనుక ఈసారి పెద్ద పోటీ ఏదైనా వస్తే వంట ముందుగానే ముగించుకుని మీరు కూర్చోండి. ఆడపిల్లను పక్కన కూర్చోబెట్టుకోండి. ఎత్తిన బరువుకూ, ఎత్తలేకపోయిన బరువుకూ కూడా చప్పట్లు కొట్టండి. ఆ చప్పట్లు సిడ్నీ దాకా వినబడవు. కాని పక్కనున్న పిల్లకు వినబడతాయి. రేపు తను ఏ బరువు దగ్గరికి వంగినా, చేజారితే ఇంట్లో ఏమంటారోనన్న భయం లేకుండా వంగుతుంది.