తాటిచెట్టు మీద కూర్చునే పట్టీ – ఇంట్లో కుట్టుకునే విధానం



నేను మండలంలో వ్యవసాయ విస్తరణాధికారిని. నాకు తెలిసినవి వరి, పత్తి, కంది. నేను చదివిన డిప్లొమాలో కుట్టుపనికి పాఠమంటూ ఏదీ లేదు. అయినా ఈవేళ సూది, దారం సంగతే మాట్లాడబోతున్నాను. ఎందుకో ముందు చెబుతాను.

రెండేళ్ళ క్రితం పత్తి మొలక చూడటానికి ఒక చేనుకు పోయాను. గట్టు మీద తాళ్ళు వరుసగా ఉన్నవి. వాటిలో ఒకదాని మీద యాభై ఏళ్ళు దాటిన ఒక అన్న గీత గీస్తున్నాడు. ఆయనకు మోకాళ్ళ నొప్పి. చెట్టు పైన ఎక్కువసేపు కాళ్ళు తన్నిపట్టి నిలవలేక, యూరియా సంచి నాలుగు మడతలు వేసి, దానికి పాత పట్టీ ఒకటి కుట్టి, మోకుకు తగిలించి దాని మీద కూర్చునేవాడు. ఆ పూట అది ఊడింది. ఆయన చెట్టును కావలించుకొని, అట్లాగే జారుకుంటూ కిందికి వచ్చాడు. రొమ్ము, తొడలు గీసుకుపోయినవి. చీలమండ విరిగింది. ప్రాణం దక్కింది. నేను, కూలీలు ఉరికి పోయేసరికి ఆయన అన్న మొదటి మాట ఇది: “పట్టీ తెగలే సార్, కుట్టు ఊడింది.”

ఆ సంచి తీసి చూశాను. నిజమే. పట్టీ చెక్కుచెదరలేదు. నూలు దారం చీకిపోయి, కుట్టు మొత్తం విచ్చుకున్నది. నేను చెప్పదలచినదంతా ఆ అన్న మాటలోనే ఉన్నది. మనిషి బరువు కుట్టు మీద పడకూడదు. కుట్టు చేయవలసిన పని, గుడ్డను పట్టీ చుట్టూ కదలకుండా ఉంచటం, అంతే. కుట్లన్నీ ఒక్కసారి ఊడిపోయినా మనిషి పట్టీలోనే కూర్చుని ఉండాలి. అట్లా కుట్టలేకపోతే అసలు కుట్టవద్దు.

మోకు మనకు కొత్తది కాదు. నడుము వెనుకనుంచి చెట్టు చుట్టూ తిరిగి వస్తుంది. వెనక్కు వాలినకొద్దీ బిగుస్తుంది. బరువంతా నడుము మీద, అరికాళ్ళ మీద పడుతుంది. ఎక్కటానికి దానికి మించిన సాధనం లేదని ముసలివాళ్ళు అంటారు, నేను కాదనను. కాని పైన ఆగి గెలను గీసేటప్పుడు, లొట్టి మార్చేటప్పుడు, ఆ కొద్దిసేపే మనిషి అలసిపోయేది. అలసిన కాలు జారుతుంది. వానలో మాను నున్నగా అయినప్పుడు మరీను. కూర్చునే పట్టీ ఉపయోగం ఆ కొద్దిసేపటికే.

ఇది నా బుర్రలో పుట్టిన ఆలోచన కాదు. అమెరికాలో జింకల వేటకు పోయేవారు చెట్టెక్కి గంటల తరబడి ఇట్లాంటి పట్టీలో కూర్చుంటారు. దానిని వారు జీను అంటారు, గుర్రపు జీను వంటిదని. కొందరు ఇంట్లోనే కుట్టుకుంటారు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం, కనుక వేట సంగతి వాళ్ళకే వదిలేద్దాం. జీను మాత్రం మనకు పనికివస్తుంది.

ఇంకొక మాట కూడా ముందే చెప్పాలి. 2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వం గీత కార్మికుల కోసం ‘కాటమయ్య రక్షణ కవచం’ అనే సామగ్రిని రంగారెడ్డి జిల్లా అబ్దుల్లాపూర్‌మెట్ మండలంలో ప్రారంభించింది. అది అందినవారు దానినే వాడండి. దానికి సూది తగిలించకండి, రంధ్రం పొడవకండి, పొడుగైందని కోయకండి. అందనివారు ఐ.ఎస్. 3521 అనే గుర్తు ఉన్న, భుజాలకు తొడలకు పట్టీలు ఉన్న రక్షణ పట్టీని కొనుక్కోండి. ఎత్తు మీద పనిచేసేవారికి ఈ సామాను అమ్మే దుకాణాల్లో దొరుకుతుంది. పడితే మనిషిని ఆపేది అదే. నేను కుట్టమనేది దానికి బదులు కాదు, దానికి తోడు. రక్షణ పట్టీ తాడు వేరుగా, జీను తాడు వేరుగా మానుకు కట్టాలి. ఒకదానిలోంచి ఇంకొకటి వేలాడకూడదు.

ఇక సామాను. లారీల మీద కప్పే మందపు నూలు కాన్వాసు, 64 సెంటీమీటర్ల వెడల్పు, 66 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న ముక్క ఒకటి. ఇది సుమారు 34 అంగుళాల నడుముకు సరిపోతుంది. లావుగా ఉన్నవారు వెడల్పు కొంచెం పెంచుకోవాలి. కొలత తీసే పద్ధతి సులభమే: ఒక తుంటి ఎముకనుంచి వెనుకగా రెండో తుంటి ఎముక దాకా టేపు పెట్టి, దానికి నాలుగు సెంటీమీటర్లు కలపాలి. యూరియా సంచి మాత్రం వద్దు. ఎండకు దాని పోగులు పెళుసై పొడిపొడిగా రాలుతవి, మీరు గోతాముల మీద చూసే ఉంటారు.

పట్టీ విషయంలో పిసినారితనం పనికిరాదు. కొండలెక్కేవారు వాడే నైలాన్ గొట్టపు పట్టీ, 25 మిల్లీమీటర్ల వెడల్పుది, 4 మీటర్లు కొనాలి. ఎంత బరువుకు తెగుతుందో దుకాణదారుడు చెప్పగలగాలి. 1500 కిలోలకు తక్కువైతే తీసుకోవద్దు. పాత కారు పట్టీ, బర్రెకు కట్టిన పలుపు, అంగట్లో మీటరు లెక్కన అమ్మే బ్యాగుల పట్టీ, ఇవేవీ వద్దు. చూపుకు అన్నీ ఒకటే లాగా ఉంటవి, అక్కడే మనిషి మోసపోతాడు. పట్టీ కొసలను దీపం మంటకు చూపి కరిగించాలి, లేకపోతే పోగులు విడిపోతవి.

దారం పాలియెస్టరుది గాని, చెప్పులు కుట్టే నైలాన్ దారం గాని కావాలి. గుడ్డ పచ్చగా ఉంటే దారం తెల్లది ఎంచుకోండి. ఎక్కడ పోగు తెగినా కంటికి వెంటనే కనబడుతుంది. ఇంట్లో జాకెట్లు కుట్టే మిషను రెండు మడతల కాన్వాసు మీద సూదులు విరగ్గొడుతుంది. మా ఇంట్లో మూడు విరిగినవి, దాని మీద నాకు దక్కవలసిన మాటలన్నీ దక్కినవి. లారీ సీట్లు కుట్టే దర్జీ దగ్గరికి పోతే అరగంట పని. లేదా దబ్బనంతో చేత్తో కుట్టుకోవచ్చు.

కుట్టేది ఇట్లా. కాన్వాసు ఎత్తును సగానికి మడవండి. మడత ఉన్న అంచు తొడల కిందికి వస్తుంది, తెరిచి ఉన్న అంచు నడుము వైపుకు వస్తుంది. ఇది తిరగబడకూడదు. ఎక్కువ బరువు మోసేది తొడల కింది అంచు, అక్కడ కుట్టు కాదు, గుడ్డ మడతే ఉండాలి. రెండు పక్కల అంచులను విడివిడిగా లోపలికి మడిచి కుట్టండి, పక్కలు మూసుకుపోకూడదు. పై అంచును లోపలికి రెండు సెంటీమీటర్లు మడిచి, రెండు వరుసలు కుట్టి మూసేయండి. తర్వాత కింది మడతకు నాలుగు సెంటీమీటర్ల పైన ఒక వరుస, దాని పక్కనే ఇంకొక వరుస, ఈ కొసనుంచి ఆ కొస దాకా. ఒక గొట్టం లాంటి దోవ ఏర్పడుతుంది. పై అంచు దగ్గర కూడా అంతే. రెండో దోవ కుట్టేముందు మధ్య సంచిలోకి చెప్పుల అట్టల వంటి మెత్తటి రబ్బరు పలక, అర అంగుళం మందానిది, దూర్చాలి. గోనెపట్టా దూర్చకండి, నీళ్ళు తాగి కుళ్ళుతుంది. కుట్టుకూ కుట్టుకూ నడుమ మూడు నాలుగు మిల్లీమీటర్లు ఉంచండి. మరీ దగ్గరగా కుడితే గుడ్డకు చిల్లులు ఎక్కువై, తపాలా బిళ్ళ చించినట్లు ఆ గీత వెంబడే చిరుగుతుంది.

ఇప్పుడు పట్టీని పై దోవలో ఎడమనుంచి కుడికి పోనిచ్చి, కుడి తుంటి దగ్గర బయటికి తీసి, కింది దోవలో కుడినుంచి ఎడమకు తేవాలి. రెండు కొసలూ ఎడమ తుంటి దగ్గర కలుస్తవి. అంటే ఒకటే పట్టీ, మనిషి చుట్టూ, ఎక్కడా కుట్టు లేకుండా. కొసలను కలిపే ముడి ఇది: ఒక కొసకు మామూలు ముడి వదులుగా వేయండి. రెండో కొసను ఎదురుగా తెచ్చి, ఆ ముడి వెంబడే, అదే దారిలో, వెనక్కు నడిపించండి. మెలిక పడకుండా పట్టీ మీద పట్టీ చదునుగా పడుకోవాలి. గట్టిగా లాగి బిగించాక ప్రతి కొసా జానెడు మిగలాలి. ఈ ముడికి ఒక దుర్గుణం ఉన్నది. బరువు పడుతూ తీస్తూ ఉంటే కొసలు కొద్దికొద్దిగా లోపలికి జారుతవి. అందుకే జానెడు. ప్రతి పొద్దునా చెట్టెక్కేముందు కొసల పొడుగు చూడాలి. నాలుగు వేళ్ళకు తగ్గితే విప్పి మళ్ళీ వేయాలి.

తర్వాత రెండు తుంటుల దగ్గరా పట్టీని జంటగా పట్టి, పిడికిలి దూరేంత ఉచ్చు వచ్చేటట్లు ముడివేయండి. ఈ రెండు ఉచ్చులకూ ముందువైపు 11 మిల్లీమీటర్ల తాడు, అదీ కొండలెక్కేవారిదే, ఎనిమిది అంకె ముడితో కట్టాలి. పొడుగు ఒకటిన్నర మూర. ఇంకా పొడుగైతే చెట్టు మీద చేయి అందదు. దాని మధ్యలో మర బిగించే ఉక్కు కొక్కెం. కొక్కెం మీద 22 కె.ఎన్. అని గాని, అంతకు మించి గాని అచ్చు ఉండాలి, అది సుమారు 2200 కిలోలు. మానును చుట్టే తాడు ఈ కొక్కేనికి తగులుకుంటుంది. ఆ తాడు, దాని పొడుగు సవరించే బిగింపు మాత్రం తయారైనవే కొనండి.

నేను మొదట కుట్టినదాని సంగతి కూడా చెప్పాలి. అప్పటికి నాకు ఇంత తెలియదు. పట్టీని నాలుగు ముక్కలు చేసి గుడ్డకు అందంగా కుట్టాను, నూలు దారంతోనే. రైతు వేదిక ముందరి వేపచెట్టుకు కట్టి, పదిమందిని పిలిచి, దర్జాగా కూర్చున్నాను. పట్టుమని రెండు నిమిషాలు కూడా కాలేదు, చప్పుడు చేసుకుంటూ విచ్చుకున్నది. మోకాలెత్తు కనుక నడుముకు దెబ్బ, మర్యాదకు అంతకంటే కొంచెం పెద్ద దెబ్బ. చీలమండ విరిగిన అన్న అక్కడే కర్ర పట్టుకొని నిలబడి ఉన్నాడు. “నేను చెప్పింది ఇదే గద సార్” అన్నాడు. నవ్వలేదు.

కనుక మీరు కుట్టినది ఏదైనా మొదట మోకాలెత్తులోనే పరీక్షించండి. యూరియా బస్తా 45 కిలోలు. మూడు బస్తాలు కలిపి జీనుకు కట్టి రాత్రంతా వేలాడదీయండి. తెల్లారి ప్రతి కుట్టూ, ప్రతి ముడీ వేలితో తడిమి చూడండి. తర్వాత మీరే కూర్చోండి, ఊగండి, పక్కలకు వాలండి, గీసే కత్తి పట్టుకున్నట్లు రెండు చేతులూ ఎత్తండి. ఇట్లా వారం రోజులు కింద కూర్చున్న తర్వాతనే పైకి.

బస్తాలు ఆగినంత మాత్రాన పడే మనిషిని జీను ఆపుతుందనుకోవద్దు. లెక్క చూడండి. 60 కిలోల మనిషి ఒక మీటరు కిందికి పడి 10 సెంటీమీటర్లలో ఆగితే, తాడు మీద పడే లాగు సుమారు 660 కిలోలు. మనిషి నడుము దానికి ఆగదు, తాడు సంగతి తర్వాత. అందుకని మానుకు కట్టిన తాడు ఎప్పుడూ బిగువుగా, మీ రొమ్ము ఎత్తున గాని ఆపైన గాని ఉండాలి. తాడు వదులైనప్పుడు జీనులో నిలబడటం, ఎగరటం చేయకూడదు. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు మోకు మోకే. జీను నడుముకు కట్టుకొని ఉంటుంది, పైన ఆగిన తర్వాతే తగిలించుకోవాలి. జీను తగిలించి, బరువు దాని మీదికి వచ్చిందని చూసుకున్నాక కూడా మోకు మాత్రం తీయవద్దు.

పట్టీలో కదలకుండా వేలాడటం కూడా అపాయమే. కాళ్ళలోకి దిగిన నెత్తురు పైకి రాక, మనిషి కొద్ది నిమిషాల్లోనే స్పృహ తప్పవచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. కూర్చున్నా పాదాలు మానుకు ఆనించి, తొక్కుతూ ఉండండి. ఒంటరిగా ఎక్కకండి. కనీసం కేక వినబడే దూరంలో మనిషి ఉండాలి, ఆ మనిషికి మిమ్మల్ని దింపే ఉపాయం ముందే తెలిసి ఉండాలి.

దాచటం గురించి రెండు ముక్కలు. నైలాన్ తడిస్తే పది పదిహేను పాళ్ళ బలం తగ్గుతుంది, ఆరితే తిరిగి వస్తుంది. ఎండకు పోయిన బలం మాత్రం తిరిగి రాదు, కాబట్టి నీడలో ఆరబెట్టాలి. ట్రాక్టరు బ్యాటరీ పక్కన, పురుగుమందుల గదిలో పెట్టకండి. బ్యాటరీ ఆమ్లం సోకిన నైలాన్ పైకి బాగానే కనబడుతూ లోపల చచ్చిపోతుంది. కల్లు మరకలు మంచినీళ్ళతో కడిగేయండి, ఆ తీపికి చీమలు పడతవి, వాటి వెనుక ఎలుకలు వస్తవి. ఎలుక కొరికిన పట్టీకి అతుకు లేదు. కొన్న నెల, సంవత్సరం గుడ్డ మీద రాసుకోండి. సిరా పట్టీకి మాత్రం తగలనీయవద్దు.

రోజూ వాడేవారు ఏడాదికొకసారి పట్టీని, ముందరి తాడును కొత్తవి వేసుకోవాలి. గుడ్డ బాగుంటే అదే ఉంచుకోవచ్చు. తీసేసిన పట్టీని చూరులో దాచకండి. బాగానే ఉంది గదా అని ఒకనాడు ఇంట్లో పిల్లవాడెవడో దాన్ని కట్టుకొని ఎక్కుతాడు. ఆనాడే మూరెడు ముక్కలుగా కోసిపారేయండి. దూడ పలుపుకు ఆ ముక్కలు బాగా పనికివస్తవి.