ఎస్‌ఎస్‌డీలో చెరిగిపోని ఫైళ్లు

పాత ల్యాప్‌టాప్ అమ్ముతున్నారా? రీసైకిల్ బిన్ ఖాళీ చేస్తే చాలదు. హార్డ్‌డిస్క్‌లోనైతే అదే చోట వేరే డేటా రాసి పాతదాన్ని చెరిపేయొచ్చు. ఎస్‌ఎస్‌డీలో ఆ ఉపాయం నమ్మదగ్గది కాదు. అందులోని ఫ్లాష్ మెమరీ రాసి చెరిపేకొద్దీ అరుగుతుంది. అందుకే లోపలి కంట్రోలర్ కొత్త రాతను మరో చోటికి మళ్లిస్తుంది. మీ ఆధార్ కాపీ పాత చోటే ఉండిపోవచ్చు. 2011లో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు చిప్‌లను నేరుగా చదివి ఈ సంగతి నిరూపించారు. కొన్ని డ్రైవుల్లో సొంత ఎరేజ్ ఆదేశం కూడా సరిగా పనిచేయలేదు! ఇది నిజంగా ఆందోళన కలిగించే విషయం.

అంచేత కొన్న రోజే బిట్‌లాకర్, ఫైల్‌వాల్ట్ వంటి ఎన్‌క్రిప్షన్ పెట్టుకోండి. అమ్మేముందు దాని కీని చెరిపేసి, తయారీ సంస్థ ఇచ్చే సెక్యూర్ ఎరేజ్ నడపండి. పాడైన డ్రైవులోని డేటా చెరపడానికి అయస్కాంతం పనిచేయదు, చిప్‌లనే పొడి చేయించాలి.