పాఠశాల ప్రాంగణమున ఆరోగ్యపు సంత
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన వేళ సాహిత్యమును గూర్చి మాటలాడుట పరిపాటి. కార్యవర్గమువారు నాకు వేరొక పని పెట్టిరి. ఈ ఉత్సవములలో భాగముగా ప్రాథమిక పాఠశాల ఆవరణమున ఒక దినము ఆరోగ్యపు సంత జరుపదలచినారు. వైద్యులు, ఆశా కార్యకర్తలు, అగ్నిమాపక శాఖవారు, కరెంటు శాఖవారు తలకొక బల్ల వేసికొని కూర్చుందురు. పిల్లలు తల్లిదండ్రుల చేయి పట్టుకొని ఒక్కొక్క బల్లయొద్దకు పోయి, చూచి, అడిగి తెలిసికొందురు. "పుస్తకముల వారికి ఈ పని యేల?" అని ఒకరిద్దరు ప్రశ్నించినారట. దానికి సమాధానము చెప్పి ముందునకు పోయెదను.

మన నడిగడ్డలో పుట్టిన సురవరం ప్రతాపరెడ్డిగారు 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' వ్రాసిరి. వారు కాలధర్మము చెందిన రెండేండ్లకు, 1955లో, ఆ గ్రంథమునకు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. రాజుల దండయాత్రలను ప్రక్కకు నెట్టి, జనులు ఏమి తినిరి, ఏమి కట్టిరి, ఎట్లు బ్రదికిరి అని విచారించిన పుస్తకమది. అట్టి పుస్తకమును బీరువాలో నుంచుకొన్న గ్రంథాలయము, ఈ ఊరి జనులు ఎట్లు బ్రదుకుచున్నారో విచారించుట అనుచితమెట్లగును?

ఇక విషయమునకు వత్తును. పెద్దవారిలో కొందరికి నారికురుపు జ్ఞాపకముండును. దిగుడుబావిలోని నీటిపురుగులతో కూడ ఆ క్రిమి కడుపులో ప్రవేశించి, ఇంచుమించు ఒక సంవత్సరమునకు కాలిలో పొక్కుగా లేచి, దారమువలె వెలుపలికి వచ్చెడిది. రోగి మంట చల్లారుటకు ఆ కాలిని బావిలో ముంచిన, దాని పిల్లలు మరల నీటిలో చేరెడివి. మన దేశమున ఆ వ్యాధి పీడించిన ఏడు రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ యొకటి. దానికి నాడు మందు లేదు, నేడును లేదు, టీకాయును లేదు. అయినను అది పోయినది. నీటిని దట్టమైన బట్టతో వడియగట్టి త్రాగుట, పుండున్నవారు బావిలోనికి దిగకుండుట, దిగుడుబావులను చేదబావులుగా మార్చుట, బోరింగులు వేయుట, నీటిలో మందు చల్లుట, ఇవియే దానిని తరిమివేసినవి. దేశమున కడపటి రోగి 1996లో రాజస్థానమున కనబడెను. 2000 సంవత్సరము ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్యసంస్థ భారతదేశమునకు ఆ వ్యాధినుండి విముక్తి కలిగినదని ధ్రువపరచినది. వైద్యుని చేతిలో మందు లేని వ్యాధిని, విషయము తెలిసిన ఇల్లాలి చేతిలోని గుడ్డ ఓడించినది. సంతలో బల్లలు వేయుట దండుగయని యనువారు ఈ సంగతి గుర్తుంచుకొనవలెను.

నేటి మన ప్రాంతపు ఆపద నీటిలోకంటె పొలములో ఎక్కువగా నున్నది. నేను పత్తి విత్తనపు సాగును గూర్చి చెప్పుచున్నాను. గద్వాల ప్రాంతము సంకర పత్తి విత్తనములకు పేరుపడినది. ఆ పైరుతో డబ్బు చూచిన కుటుంబములు ఈ సభలోనే యున్నవి. వారి కష్టమును నేను తక్కువ చేయను. కాని ఆ పని యెట్లు జరుగునో ఆలోచింపుడు. సాయంకాలమున మొగ్గ విప్పి అందలి కేసరములను గిల్లి తీసివేయవలెను. మరునాటి ఉదయమున మగచెట్టు పూవు తెచ్చి దాని పుప్పొడిని అద్దవలెను. ఈ 'క్రాసింగు' ప్రతిదినమును, రెండు మూడు నెలలపాటు, చెట్టుచెట్టుకు జరుగవలెను. యంత్రము చేయలేదు. చిన్నవ్రేళ్లు చురుకుగా చేయునని చెప్పి పిల్లలను, అందును ఆడపిల్లలను, పొలమునకు పంపు ఆచారము ఏర్పడినది. ఆ నెలలలో మన ప్రాంతపు బడులలో హాజరుపట్టీ తెరచి చూచిన ఉపాధ్యాయునికి వేరుగా చెప్పనక్కరలేదు.

ఆరు నుండి పదునాలుగేండ్ల పిల్లలకు చదువు హక్కని చెప్పిన చట్టము 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. పదునాలుగేండ్లలోపు వారిని ఏ పనియందును నియమింపరాదని 2016లో బాలకార్మిక చట్టమును సవరించిరి. అయితే బడి వేళలు ముగిసిన పిదప సొంత కుటుంబమునకు సాయపడవచ్చునని మినహాయింపు మిగిల్చిరి. పొలము మాది, పిల్ల మాది అను మాట ఆ మినహాయింపు చాటున సుఖముగా దాగుకొనును. చట్టము చేసినవారు మా నడిగడ్డ పత్తిచేలు చూచియుండరని నా అభిప్రాయము.

చదువు పోవుట ఒక నష్టము. దేహమునకు కలుగునది మరియొకటి. పురుగుమందు కొట్టిన చేనిలో పెద్దవాడు నిలిచినప్పుడు ఆకులు నడుమునకు తగులును. పదేండ్ల పిల్లకు ముఖమునకే తగులును. పెద్దవాని శరీరమునకు కొంచెమైన విషము పిల్ల శరీరమునకు కొంచెము కాదు. ఆ చేతితోనే పిల్ల సద్ది ముద్ద తినును. సాయంత్రమున తలనొప్పి, కడుపులో త్రిప్పుట, చొంగ కారుట కనబడిన, ఎండదెబ్బయని పడుకొనబెట్టుదురు. వెంటనే బట్టలు మార్చి, సబ్బుతో ఒడలు కడిగి, మందుడబ్బాతో సహా ఆసుపత్రికి కొనిపోవలెను. డబ్బామీది పేరు చూచిననే వైద్యునకు దారి తెలియును.

డబ్బా మాట వచ్చినది గనుక ఒక ఘోరమును చెప్పక తప్పదు. 2013 జూలై 16న బీహారులోని సారణ్ జిల్లా పాఠశాలలో మధ్యాహ్న భోజనము తిని 23 మంది పిల్లలు మరణించిరి. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అను పురుగుమందు ఉన్నట్లు పరీక్షలలో తేలినది. ఆ మందు పేరు పత్తి రైతులకు కొత్తది కాదు. ఖాళీయైన మందుడబ్బాను కడిగి నూనెకో, కిరోసినుకో, బర్రెలకు నీళ్లు పెట్టుటకో వాడు ఇండ్లు మన ఊళ్లలో లేవందురా? సంతలో ఒక బల్లమీద ఇట్టి డబ్బాలను వరుసగా పెట్టి, ఎట్లు చిల్లులు పొడిచి పనికిరాకుండ చేయవలెనో చూపింపవలసినదని నా మనవి. ఉపన్యాసముకంటె ఆ మేకుపోటు మేలు.

పాముకాటునకును ఒక బల్ల వేయవలెను. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటి విషమునకు ఒకే విరుగుడు సూది ప్రభుత్వాసుపత్రులలో ఇచ్చెదరు. కట్లపాము రాత్రివేళ నేలమీద పండుకొన్నవారిని కరచును. నొప్పి తెలియదు, గాటు కనబడదు. తెల్లవారి పిల్ల కనురెప్పలు వాలిపోవుచున్న, మాట ముద్దగా వచ్చుచున్న, గాలి సోకినదని మంత్రగాని యింటికి నడవకుడు. కాటు వేసినచోట కోయుట, నోటితో పీల్చుట, త్రాటితో బిగించుట, ఈ మూడును చెరుపే. కాలిని కదలనీయక కఱ్ఱతో కట్టి, 108కి ఫోను చేయుడు. ఆ వాహనములు 2005 ఆగస్టు 15 నుండి మన రాష్ట్రమున తిరుగుచున్నవి. అచ్చంపేట, అమ్రాబాదు అడవులలో పెంటలందుండు చెంచులకు మాత్రము వాహనము చేరుటయే కష్టము. వారి పిల్లల విషయమున సూది ఎంత దూరమున నున్నదను ప్రశ్నయే ముందు వచ్చును.

బావులు, చెరువులు, మోటారు స్టార్టరు డబ్బాలు, వీనిని గూర్చి ఆయా శాఖలవారు చెప్పుదురు. నేను ఆలస్యము చేయను. వంటశాలను గూర్చి ఒక్కమాట. 2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణమున పాఠశాల వంటింటి నిప్పు పైకప్పు పూరికి అంటుకొని 94 మంది పిల్లలు దహింపబడిరి. మన బడి వంటపొయ్యికిని తరగతిగదికిని నడుమ దూరమెంతయో సంతనాడు తల్లులు తామే అడుగులు వేసి కొలువవలెను.

వాంతులు విరేచనములు పట్టిన పిల్లకు ఇయ్యవలసిన నీటిని అక్కడనే కలిపి చూపింపుడు. ఒక లీటరు కాచి చల్లార్చిన నీరు, సమముగా గీసిన ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. ఉప్పు మించరాదు. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి ఆలంపురము మునిగిన నాటి నీటిని చూచినవారికి దీని అవసరము తెలియును.

ఇక కార్యవర్గమువారికి రెండు విన్నపములు. సంతను క్రాసింగు నెలలకు ముందే, జూలై మొదటి వారములలో జరుపుడు. తరువాత జరిపిన, ఎవరికి చెప్పవలెనో వారే బడిలో ఉండరు. సాయంకాలము జరుపుడు, కూలికి పోవు తల్లి పగటిపూట రాలేదు. ఆ దినమున పిల్లల ఎత్తు, బరువు, కంటిచూపు వ్రాసిన పుస్తకమును ఈ గ్రంథాలయముననే ఉంచవలెను. దసరా పిదప వలస పోవు కుటుంబమువారు తమ పిల్ల పేరున్న పుటకు నకలు కోరిన, గ్రంథపాలకుడు వ్రాసియిచ్చి పంపవలెను. ఆ కాగితము ఏ ఊరి ఆసుపత్రిలో చూపినను పనికివచ్చును.