గాయకుల స్వభావభేదములు



దేవగిరి యాదవప్రభువగు సింఘణుని ఆస్థానమున 13వ శతాబ్దమున వెలసిన శార్ఙ్గదేవుడు తన ‘సంగీతరత్నాకరము’న గాయకులను ఐదు తెగలుగా విభజించెను. లోపము లేక విద్య గరపువాడు శిక్షాకారుడు. పరుల ఫణితి ననుసరించువాడు అనుకారుడు. రసావిష్టుడై పాడువాడు రసికుడు. శ్రోతలను అలరించువాడు రంజకుడు. గీతమునకు భావాతిశయము గూర్చువాడు భావకుడు.

బృందమునకును ఆతడు లెక్క చెప్పెను. ఉత్తమ బృందమున ముఖ్యగాయకులు 4, సమగాయకులు 8, గాయనులు 12, వాంశికులు 4, మార్దంగికులు 4, వెరసి 32 మంది. నలుగురు ముఖ్యులకు తక్కినవారి మేళవింపే బలము.

చప్పట్లు రంజకునికే దక్కుట లోకరీతి. కాని నేడు శిక్షాకారుని మరచినచో రేపటి రంజకు డెక్కడనుండి వచ్చును? అనుకరణమును విద్యకు తొలిమెట్టే గదా! అనుకారుడని శిష్యుని త్రోసిపుచ్చుటకు గాక, వాని నే దారిని నడుపవలెనో ఎరుగుటకే ఈ విభాగము ఉపకరింపవలెను.