సంతలో సహపాఠులు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ఉపన్యాసము)



గిరిజనులకును మైదాన వర్తకులకును గల సంబంధమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు నన్ను కోరినారు. పుస్తకముల పండుగలో చింతపండు, కాఫీగింజల ప్రసంగమేమని కొందరికి తోచవచ్చును. కాని త్రాసునందును ఒక చదువు గలదు. ఆ చదువు ఇరుపక్షములవారును ఒకరికొకరు చెప్పుకొన్నగాని అబ్బదు.

ఏజెన్సీ సంతలలో వెనుకటి వర్తకమెట్టిదో పెద్దలెరుగుదురు. ఉప్పునకు చింతపండు మారకము జరిగెడిది. పంట చేతికి రాకమునుపే అప్పు, అది తీరకమునుపే మరియొక అప్పు. కొలపాత్ర వర్తకునిది, లెక్క వర్తకునిది, జ్ఞాపకము మాత్రము గిరిజనునిది. ఈ దుస్థితిని మాన్పుటకై 1956లో విశాఖపట్టణము కేంద్రముగా గిరిజన సహకార సంస్థ ఏర్పడి, అటవీఫలములను కొనుటకును, నిత్యావసర వస్తువులను డిపోలలో అమ్ముటకును పూనుకొనెను. 1959 నాటి నిబంధనము, దానికి 1970లో వచ్చిన సవరణము షెడ్యూల్డు ప్రాంతములలోని భూమి గిరిజనేతరుల చేతిలోనికి పోకుండ అడ్డు నిలిచినవి. వడ్డీవ్యాపారమును అదుపు చేయుటకు 1960లో వేరొక నిబంధనము వచ్చెను.

ఈ చట్టముల మూలముననే వ్యాపారము కుంటుపడినదని మన వర్తకులు కొందరు వాదింతురు. నాకది సమ్మతము కాదు. భూమి పోవునను భయమున్నంతకాలము గిరిజనుడు వర్తకుని యెదుట నోరు విప్పడు. నోరు విప్పనివానియొద్ద మనము నేర్చుకొనునదేమి? చట్టమును దాటిపోవు బినామీ మార్గములు లేకపోలేదు. అది వేరొక ఉపన్యాసమునకు తగిన విషయము.

కెనడా దేశమున ఒసోయూస్ అను ఆదివాసి తెగవారు తమ భూమిని అమ్మక, ద్రాక్షతోటలకు కౌలు కిచ్చినారు. పిదప 2002లో విన్కార్ అను కంపెనీతో పొత్తు కలిపి ద్రాక్షసారాయ కర్మాగారమును తెరచినారు. అందు పెద్దవాటా తెగవారిదే. గ్రంథాలయ సభలో సారాయ మాట తెచ్చినందులకు పెద్దలు మన్నింతురు గాక! నేల తమదిగా నుండగనే పొత్తు కుదిరినదని చూపుటకే దానిని చెప్పితిని.

మన కొండలకు వత్తము. తపసిచెట్టు బంక ఔషధములకును ఆహారపదార్థములకును విదేశములకు ఎగుమతి యగుచున్నది. వెనుక దానికై గొడ్డలితో లోతుగా గాట్లు పెట్టుటచే చెట్లు చచ్చెడివి. బెరడు ముక్కలు కలియుటచే ధర పడిపోయెడిది. 1994లో నెలకొన్న కోవెల్ ఫౌండేషన్ ఆధ్వర్యమున, చెట్టునకు హాని లేకుండ పైపైన చెక్కి, గాయము మానుటకు వ్యవధి నిచ్చి, బంకను శుభ్రముగా సేకరించు పద్ధతి వ్యాపించెను. నేర్చిన సేకర్తలే తోడి సేకర్తలకు నేర్పినారు. పట్నము నుండి వచ్చిన నిపుణుడు పది మారులు చెప్పినది, పక్క ఊరి బావ ఒక్కమారు చేసి చూపినచో మనసున నాటును గదా!

అరకు, పాడేరు ప్రాంతముల కాఫీ కథ ఇంకను ముచ్చటైనది. సిల్వర్ ఓక్ నీడన కాఫీ మొక్క, ఆ చెట్టునకే అల్లుకొన్న మిరియపు తీగ – ఇది అచటి తోట. పచ్చికాయ, పండుకాయ కలగలిపి దూసి, ఎండబెట్టి, దళారి చెప్పిన ధరకు అమ్ముట పూర్వాచారము. ఎఱ్ఱగా పండిన కాయనే ఏరుట, నీట వేసి తేలిన తాలును తీసివేయుట, ఆనాడే తోలు తీయించుట, పులియబెట్టి కడిగి తగుపాటి తేమ నిలుచునట్లు ఆరబెట్టుట – ఈ పనులు వచ్చినపిదప సరకు రూపే మారెను. నాంది ఫౌండేషన్ తోడ్పాటుతో రైతులు సహకార సంఘముగా కూడినారు. 2009 నుండి జరిగిన పోటీలలో దేశాంతరముల రుచిపరీక్షకులు కొండకు వచ్చి, ఏ రైతు గింజ ఎట్లున్నదో రుచి చూచి నిర్ణయించినారు. 2017లో పారిస్ నగరమున అరకు కాఫీ దుకాణము వెలసెను. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించెను.

ఇందు నాకు ముఖ్యముగా తోచునది పారిస్ దుకాణము కాదు. కొనువాని నాలుక తీర్పు తోటలోని రైతు చెవిని బడుట. ఒక్క పచ్చికాయ ఒక గిన్నెడు కాఫీ నెట్లు చెరచునో రైతు తెలిసికొన్నాడు. ఏ వాలున, ఏ నీడన కాయ నిదానముగా పండునో కొనువాడు రైతునొద్ద తెలిసికొనవలసి వచ్చినది. మన వర్తకులు ఈ రెండవ సగమును తరచు మరతురు.

కావున కార్యవర్గమువారికి నాదొక మనవి. సంతనాటి సాయంకాలము ఈ పఠనమందిరమును కొండరైతులకును మన వర్తకులకును విడువుడు. పట్నపు ధర యెంత, బండి కూలి యెంత, తరుగెంత – వర్తకుడు దాచక చెప్పవలెను. చెట్టు కాపు, ఏరుకూలి, తేమ సంగతి గిరిజనుడు చెప్పవలెను. తెలుగు రానివారికి వారి భాష నెరిగిన యువకుడొకడు దుబాసిగా నుండవలెను. చెప్పుకొన్న లెక్క రెండు ప్రతులుగా వ్రాసి, ఒకటి కొండకు పంపవలెను. బల్లపై ఒక సరియైన త్రాసు నుంచుడు. ఎవరికి అనుమానము వచ్చినను తూచి చూచుకొందురు.

ఆరంభమున వచ్చువారు స్వల్పముగా నుందురు. వచ్చిన గిరిజనులు వెనుక బెంచీలపై కూర్చుందురు. వారిని ముందునకు పిలుచుట అధ్యక్షులవారి పని. మాఘ ఫాల్గుణములలో చింతపండు సంతకు దిగును. అంతకు మున్నే మొదటి సమావేశమునకు దినము నిర్ణయించినచో, నేనును వచ్చి ఒక మూల కూర్చుండి వినెదను. సెలవు.